అరచేతికి చల్లగా తగిలింది

జగ్గయ్యకి తన కుడి అరచేతి మీద ఉన్నంత నమ్మకం ఈ లోకంలో మరే వస్తువు మీదా లేదు. ఉండమంటే మాత్రం ఎందుకుంటుంది? ఇరవై ఆరేళ్లుగా విశాఖ ఫిషింగ్ హార్బరు నుంచి వేటకెళ్లే మరబోట్లకి డ్రైవరుగా చేస్తున్నాడు. ఇంజిన్ దగ్గర మీటర్లు లేకపోలేదు. ఉప్పుగాలికి ఏడాది తిరక్కుండానే వాటి ముళ్లు తుప్పుపట్టి ఉన్నచోటే బిగుసుకుపోతాయి. వాటిని నమ్ముకుని వారం రోజుల వేటకి బయల్దేరేవాడికి బుర్ర లేదనుకోవాలి. జగ్గయ్య ఇంజిన్ మీద చెయ్యి వేసి, ఒక్క క్షణం కళ్లు మూసుకుని, ఇంకో గంట లాగుతుందో, ఇప్పుడే ఆపాలో చెప్పేస్తాడు. "జగ్గయ్య బావ సెయ్యేసి సెప్పినాడా? అయితే ఇంకేటి సూత్తాం" అని కుర్ర డ్రైవర్లు అనుకుంటుంటే, వినబడనట్టు నటిస్తూ అక్కడక్కడే తిరుగుతాడు.

అలాంటి మనిషిని ఏప్రిల్ పదిహేనో తారీకు నుంచి రెండు నెలల పాటు ఇంట్లో కూర్చోబెట్టారు. ఏటా ఉండే వేట నిషేధమే, కొత్తేం కాదు. కానీ ఆయన ఊరికే కూర్చునే రకమా? భీమిలి ఒడ్డున ఆ మూడు గదుల ఇంట్లో ఫ్యాను విప్పాడు, మిక్సీ విప్పాడు, శుభ్రంగా తిరుగుతున్న కుట్టుమిషను కూడా విప్పాడు. విప్పినవన్నీ మళ్లీ బిగించాడు, అన్నీ తిరుగుతున్నాయి, అది వేరే సంగతి. భార్య సూర్యకాంతమ్మకి మాత్రం ఓపిక చచ్చిపోయింది. జూన్ దాకా ఇంకే వస్తువూ ఈ మనిషి కంటబడకుండా చూడు తల్లీ అని పోలమాంబకి మొక్కుకుంది.

మొక్కు ఫలించలేదు. మే నెల మొదట్లో కూతురి కంప్యూటరు కంటబడింది.

కూతురు ఆశ మధురవాడ కాలేజీలో చదువయ్యాక యానిమేషన్ నేర్చుకుంది. అక్కడే ఒక స్టూడియోవాళ్లు ఉద్యోగానికి పరీక్ష పెట్టారు. పన్నెండు సెకన్ల బొమ్మ చేసి, గురువారం సాయంత్రం ఆరులోపు పంపాలి. పంపితే చూస్తారు, పంపకపోతే మళ్లీ ఏడాదికి గానీ పిలవరు. ఆశ మూడు వారాలు కూర్చుని, తెల్లారగట్ల హార్బరులోకి వస్తున్న బోటుని చేసింది. వలలోంచి కారే నీళ్లు, చుట్టూ తిరిగే కాకులు, అన్నీ ఉన్నాయి. ఇక మిగిలింది కంప్యూటరు పనే. పన్నెండు సెకన్లంటే మూడు వందల బొమ్మలు, ఒక్కో బొమ్మా అది లెక్కకట్టి గీసుకోవాలి. ఒక్కోదానికి ఆరు నిమిషాలు పైనే పట్టేట్టుంది. బుధవారం పొద్దున్న మొదలుపెడితే గురువారం మధ్యాహ్నం దాటితే గానీ అవదు. మధ్యలో ఏ చిన్న ఆటంకం వచ్చినా గోవిందా.

అందుకని మేనమామని పిలిచింది. సూర్యకాంతమ్మ తమ్ముడు దొరబాబుకి తగరపువలసలో కంప్యూటర్లు బాగుచేసే షాపుంది. అతనికి రానిది లేదు, ఆ మాట అతనే చెబుతాడు. మంగళవారం వచ్చి, ఓవర్‌క్లాక్ చేసేద్దాం అన్నాడు. అంటే ప్రాసెసర్ని కంపెనీవాళ్లు పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడిపించడం. ఇంజిన్‌కి రేజు పెంచినట్టే బావా అని జగ్గయ్యకి అర్థమయ్యేట్టు చెప్పాడు. రేజు పెంచితే వేడి పెరుగుతుంది కాబట్టి పాత కూలర్ తీసేసి, ఇటుకంత ఉన్న కొత్త కూలర్ బిగిద్దామని తెచ్చాడు. పైన రేకులు, ఆ పక్కన ఫ్యాను, అడుగున అద్దంలా మెరిసే రాగి పలక. ఆ పలక ప్రాసెసర్ మీద కూర్చుని దాని వేడిని పైకి లాగేస్తుంది. రెండింటి మధ్యా కొంచెం పేస్టు పూయాలి. పాత కూలర్ తీసి పక్కన పెట్టగానే షాపు నుంచి ఎవరో ఫోన్ చేశారు, దొరబాబు మాట్లాడుతూ వీధిలోకి వెళ్లాడు. పావుగంటైనా రాలేదు.

పావుగంట, విప్పి ఉన్న మిషను, చేతికందేంత దూరంలో స్క్రూడ్రైవరు. జగ్గయ్యని తప్పుపట్టలేం. దొరబాబు వచ్చేసరికి కూలర్ బిగించి, ఫ్యాను వైరు కూడా తగిలించేశాడు. దొరబాబు అటూ ఇటూ ఊపి చూసి, ఆవగింజంత కదలకపోయేసరికి, నువ్వు షాపులో కూర్చో బావా, నాను వేటకెళ్తాను అన్నాడు. ప్రాసెసర్ వేగం పెంచేసి వెళ్లిపోయాడు.

ఇక్కడ ఒడ్డు మీది కాపురాల సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఆ ఇళ్లలో కొత్త వస్తువు మీది ప్లాస్టిక్ కాగితాన్ని ఎవరూ తియ్యరు. తీస్తే ఉప్పుగాలి ఆర్నెల్లలో తినేస్తుంది. సూర్యకాంతమ్మ ఫ్రిజ్జు కొని నాలుగేళ్లయింది, తలుపు మీద కాగితం ఇవాళ్టికీ అలాగే ఉంది. టీవీ రిమోటు కవర్లోనే పుట్టి కవర్లోనే పెరుగుతోంది. బండి సీటు సంగతి అడగనే అక్కర్లేదు. ఆ ఇంటి యజమాని చేతికి అద్దంలాంటి రాగి పలక ఇస్తే, దాని మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం అంటించి ఉంటే, పీకేస్తాడా? జాగ్రత్తగా దాని మీదే పేస్టు పూసి, బొటనవేలితో నాలుగు మూలలకీ సర్ది బిగించాడు. కాగితం మీద ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలేవో ఉన్నాయి. కంపెనీ పేరు కాబోలనుకున్నాడు.

బుధవారం పొద్దున్న ఏడింటికి ఆశ పని మొదలుపెట్టింది. పది నిమిషాలకే గదిలోంచి పిలిచింది. తెర మీద ఓ మూల అంకె వణుకుతోంది, తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది. నీళ్లయితే మరిగిపోయే వేడి. మేనమామకి ఫోన్ చేసింది. దొరబాబు నవ్వేసి, టెంపరేచర్లు పట్టించుకోకూడదమ్మా, కంపెనీవోళ్లు ఊరికే భయపెడతారు, నా షాపులో ఒకటి మూడు నెలలు ఇలాగే తిరిగింది అన్నాడు. ఆ మూడు నెలల తర్వాత దానికేమైందో ఆశ అడగలేదు, అతను చెప్పలేదు.

జగ్గయ్య దారి వేరు. కంప్యూటరు పక్క తలుపు తీసి, కూలర్ రేకుల మీద అరచెయ్యి ఆనించాడు, కళ్లు మూసుకున్నాడు. మే నెల ఉక్కపోతలో కూడా అది చల్లగా తగిలింది. సముద్రం మీద మీటర్లు ఆడే అబద్ధాలు ఆయనకి తెలియనివా?

"ఏటీ నేదు. సల్లగా ఉన్నాది. నీ అంకె తప్పు" అని తేల్చేశాడు.

నాన్న చెయ్యేసి చెప్పాక ఆశ ఇంకేమంటుంది? చిన్నప్పట్నుంచీ ఆ చెయ్యి నుదుటి మీద పెట్టి జ్వరం ఉందో లేదో చెబితే, అదే ఖాయం ఆ ఇంట్లో. అంకె వంక చూస్తూనే పని సాగనిచ్చింది. విచిత్రమేమిటంటే, వేగం పెంచాక పని ఇంకా నెమ్మదించింది. ఆరు నిమిషాల బొమ్మకి పది నిమిషాలు పడుతోంది. మధ్యాహ్నం పన్నెండు దాటాక, ముప్ఫై ఒకటో బొమ్మ పూర్తయిన కాసేపటికి తెర ఒక్కసారిగా నల్లబడిపోయింది. మళ్లీ వేసింది. రెండు నిమిషాలు నడిచి ఆరిపోయింది. మూడోసారి ఫ్యాను తిరిగినట్టే తిరిగి ఆగిపోయింది. ఆ తర్వాత ఎంత నొక్కినా ఉలుకూ లేదు, పలుకూ లేదు.

దొరబాబుకి ఫోన్ చేస్తే ఈసారి నవ్వలేదు. కాలిపోయుంటాది, షాపు మూసి వస్తన్నాను అన్నాడు. ఇప్పటికిప్పుడు వేరే ప్రాసెసర్ ఎక్కణ్ణుంచి తెస్తాడు? ఆశ కుర్చీలో రెండు కాళ్లూ పైకి ముడుచుకుని కూర్చుంది. అరిచి గోల చేసే పిల్ల కాదు. కళ్లలోంచి నీళ్లు అలా కారిపోతున్నాయంతే.

"నానే తగలేసాను నాన్నా. స్పీడు పెంచమని అడిగింది నానే" అంది.

జగ్గయ్య పిల్ల తల నిమిరి బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఎదురుగా సముద్రం ఏమీ ఎరగనట్టు పడి ఉంది. తగరపువలస నుంచి వస్తున్న బావమరిదిని ఏయే మాటలతో కడగాలో మనసులో పేర్చుకుంటున్నాడు. వేడి లేకుండా ఎలా కాలింది అన్నది మాత్రం ముల్లులా గుచ్చుతోంది. తన చేతికి చల్లగా తగిలింది కదా. చెయ్యి అబద్ధం చెబుతుందా?

సూర్యకాంతమ్మ టీ తెచ్చింది. స్టీలు గ్లాసు సలసలా కాలుతోందని, భుజం మీది తుండుగుడ్డ నాలుగు మడతలేసి పట్టుకున్నాడు. ధ్యాస ఎక్కడో ఉండి, చేతికి వెచ్చగా కూడా లేదు కదా అని ఒక్క గుక్క తాగాడు. నాలుక చుర్రుమంది. గ్లాసు వంక చూశాడు, తుండుగుడ్డ వంక చూశాడు, అలాగే ఉండిపోయాడు.

పదేళ్ల కిందటి మాట గుర్తొచ్చింది. బోటు ఇంజిన్‌ని చల్లబరిచిన సముద్రపు నీళ్లు పక్కన గొట్టంలోంచి బయటికి పోతుంటాయి. ఆ గొట్టం ఎప్పుడూ వెచ్చగా ఉండాలి. ఒకరోజు చెయ్యేస్తే చల్లగా ఉంది. పక్కనున్న మనిషి సంబరపడ్డాడు. జగ్గయ్య మాత్రం పరుగెత్తుకెళ్లి ఇంజిన్ ఆపేశాడు. నీళ్లు లాగే చోట ప్లాస్టిక్ సంచి అడ్డం పడి ఉంది. గొట్టం చల్లగా ఉందంటే ఇంజిన్ చల్లగా ఉన్నట్టు కాదు, లోపలి వేడి బయటికి రావడం లేదని అర్థం. హార్బరులో ఎంతమందికో తనే నేర్పిన పాఠం అది. ప్లాస్టిక్ సంచి అనుకోగానే జగ్గయ్యకి రాగి పలక మీది కాగితం గుర్తొచ్చింది.

గ్లాసు అక్కడే పెట్టి లోపలికి ఒక్క అంగలో వెళ్లాడు. ఏటి సేత్తన్నావని సూర్యకాంతమ్మ వెనకాలే కేకేసింది. కంప్యూటరు తీగ పీకి, నాలుగు మరలూ విప్పి, కూలర్ని మెల్లగా అటూ ఇటూ తిప్పి పైకి లాగాడు. ఆశ కళ్లు తుడుచుకుంటూ పక్కకొచ్చి నిలబడింది. కూలర్ తిరగేస్తే అడుగున పేస్టు. పేస్టు కింద ప్లాస్టిక్ కాగితం. ఆశ గోటితో అంచు లేపేసరికి చర్రున ఊడొచ్చింది. ఎర్ర అక్షరాలు చదివింది. బిగించే ముందు ఈ కాగితం తీసేయండి అని ఉంది.

ఆ కాగితం అంచున, ప్రాసెసర్ తగలని చోట, పేస్టులో బొటనవేలి గుర్తు స్పష్టంగా పడి ఉంది. అడ్డంగా ఒక గీత. ఎప్పుడో మోకు కోసేసిన గాటు అది. భీమిలిలో అలాంటి బొటనవేలు ఇంకొకరికి లేదు. జగ్గయ్య చూశాడు. ఆశ చూసిందో లేదో తెలియలేదు. దూది ముక్కతో కాగితం మీది పేస్టంతా శుభ్రంగా తుడిచేసి బల్ల మీద పెట్టింది.

"మావ మర్సిపోయినట్టున్నాడు" అంది.

జగ్గయ్య నోరు తెరిచాడు. ఈలోగా గుమ్మంలో నిలబడ్డ సూర్యకాంతమ్మ అందుకుంది. ఆ తమ్ముడు పుట్టిన ఘడియ దగ్గర్నుంచి మొదలుపెట్టి, తగరపువలసలో షాపు తెరిచిన ముహూర్తం దాకా దేన్నీ వదల్లేదు. ఆ ప్రవాహంలో అడ్డం వెళ్లి నిజం చెప్పడానికి ధైర్యం చాల్లేదు. కాసేపాగి చెబుదాంలే అనుకున్నాడు. కాసేపాగితే ఇంకా కష్టమవుతుందని ఆ వయసు మనిషికి తెలియదా? తెలుసు. తెలిసీ ఊరుకున్నాడు.

దొరబాబు వచ్చేసరికి ఇద్దరూ ప్రాసెసర్ తుడిచేసి, శనగగింజంత పేస్టు పెట్టి, ఉత్త రాగి పలకని దాని మీద కూర్చోబెట్టి మరలు బిగిస్తున్నారు. దొరబాబు ఆ కాగితం చూసి తెల్లబోయాడు. తెల్లబోయిన మనిషిని అక్క గుమ్మంలోనే నిలబెట్టి ఇంకో విడత దులిపింది. పాపం, ముందురోజు ఎవరు బిగించారో కూడా గుర్తు చేసుకునే వ్యవధి ఇవ్వలేదు.

ఆశ మీట మీద వేలు పెట్టింది. నొక్కడానికి భయం. జగ్గయ్య నొక్కమన్నట్టు తలూపాడు.

ఫ్యాను తిరిగింది. దీపం వెలిగింది. తెర మీద వెలుగొచ్చింది. మూలనున్న అంకె నలభై ఒకటి దగ్గర నిలబడింది. కాలిపోలేదు, అది తన ప్రాణం తాను కాపాడుకుందంతే అన్నాడు దొరబాబు. మరీ వేడెక్కితే ముందు నెమ్మదిస్తుంది, అప్పటికీ వినకపోతే ఆరిపోతుంది, చల్లారేదాకా లేవనని మొండికేస్తుంది. ఆశ రెండు చేతులతో ముఖం కప్పుకుని, ఈసారి పైకే ఏడ్చింది. జగ్గయ్యకైతే పోయిన ప్రాణం లేచొచ్చింది. కూర్చోవడానికి ఏదీ దొరక్క నేల మీదే చతికిలబడ్డాడు.

గీసిన ముప్ఫై ఒక్క బొమ్మలూ భద్రంగా ఉన్నాయి. ఇక ముప్ఫై రెండు నుంచి. అప్పటికి సాయంత్రం నాలుగు. ఎందుకైనా మంచిది, వేగం మామూలుకి దించేద్దామా అని దొరబాబు గొణిగాడు. ఆశ వేళ్లు మడిచి లెక్కేసింది. మామూలు వేగమైతే రేపు రాత్రి ఏడవుతుంది, గడువు దాటిపోతుంది. పెంచిన వేగమైతే బొమ్మకి ఐదు నిమిషాలు, రేపు మూడుకల్లా అయిపోతుంది. ఉంచుదామంది. మొదలుపెట్టారు. అంకె యాభై దాటింది, అరవై దాటింది, డెబ్బై ఒకటి దగ్గర ఆగింది. ఆగి, ఇక కదల్లేదు.

జగ్గయ్య లేచి కూలర్ మీద అరచెయ్యి ఆనించాడు. వెచ్చగా ఉంది. బాగా నడుస్తున్న ఇంజిన్ పక్క గొట్టంలా వెచ్చగా, హాయిగా ఉంది.

గురువారమంతా ఆయన ఆ గది గుమ్మంలోనే కాపురం పెట్టాడు. గంటకోసారి ఎంత అని అడగడం, డెబ్బై ఒకటి అనో డెబ్బై రెండు అనో ఆశ చెప్పడం. మధ్యాహ్నం మూడుకి పది నిమిషాలుందనగా మూడు వందలవ బొమ్మ పూర్తయింది. అన్నీ కలిపి, రెండుసార్లు వేసి చూసుకుని, నాలుగున్నరకి పంపింది. ఐదు కాకముందే అందిందని జవాబొచ్చింది. వారం తిరక్కుండానే పిలిచారు కూడా, ఇప్పుడు అక్కడే పనిచేస్తోంది. కానీ ఆ సాయంత్రానికి అందింది అన్న ఒక్క మాటే ఆ ఇంటికి పండగ.

దొరబాబు మామిడిపళ్ల బుట్టతో వచ్చాడు. నలుగురూ అరుగు మీద కూర్చున్నారు. సూర్యకాంతమ్మ పళ్లు కోస్తూ, చేతిలో కత్తి ఆడుతున్నట్టే నోరూ ఆడిస్తూ, మళ్లీ తమ్ముడి మతిమరుపు దగ్గరికే వచ్చింది. పిల్ల బతుకు నీళ్లపాలు చేసేవాడివి కదరా అంది. దొరబాబు తల దించుకుని, ఏమో అక్కా, ఫోన్ గోలలో కాయితం పీకడం మర్సిపోయుంటాను అన్నాడు. తన చేతుల వంకే చూసుకుంటున్నాడు.

జగ్గయ్య నోట్లో మామిడి ముక్క చేదెక్కింది. ముక్క పళ్లెంలో పెట్టేశాడు.

"దొర కాదు. ఆ కాయితం వదిలేసింది నాను" అన్నాడు. "బిగించింది నాను. సల్లగా ఉన్నాదని సెప్పిందీ నానే. గుంట తనే తగలేసానని ఏడుస్తంటే సూసాను, ఆనక మాట్లాడకుండా ఊరుకున్నాను."

కత్తి ఆగిపోయింది. ఆశ టెంక చీకుతూ, తీరిగ్గా అంది.

"నాకు తెలుసు నాన్నా. నీ బొటనవేలు నాకు తెలీదేటి? అందుకే గదా తుడిసీసాను."

"మరైతే మీ మావ మీదికెందుకు తోసావే?" అన్నాడు జగ్గయ్య.

"మావకి అమ్మ తిట్లు సిన్నప్పట్నుంచీ అలవాటే. తిని అరిగించుకుంటాడు. నువ్వు తట్టుకోలేవు."

ముందు నవ్వింది దొరబాబే. నిందపడ్డవాడే అలా పడీ పడీ నవ్వుతుంటే మిగతావాళ్లు ఎంతసేపు ఆపుకుంటారు? జగ్గయ్య నవ్వుతూనే తుండుగుడ్డతో కళ్లొత్తుకున్నాడు. రొమ్ము మీద నుంచి లంగరు ఎత్తేసినట్టుంది. హమ్మయ్య అని పైకే అన్నాడు. అప్పుడు దొరబాబు, ఇంతకీ టెంపరేచర్లు పట్టించుకోవాలా వద్దా బావా అని అడిగాడు. పట్టించుకోవాలిరా, సెయ్యి ఎక్కడెయ్యాలో తెలవనప్పుడు అంకెనే నమ్మాలి అన్నాడు జగ్గయ్య.

సూర్యకాంతమ్మ మాత్రం నవ్వలేదు. కత్తి కడిగి, చెంగు దోపుకుని, మొగుడి ఎదురుగా వచ్చి కూర్చుంది. నిన్నట్నుంచీ తమ్ముడికి ఇచ్చినవన్నీ వెనక్కి తీసుకుని, వాటికి కుట్టుమిషనూ మిక్సీ కూడా కలిపి, మొదట్నుంచీ మొదలుపెట్టింది. జగ్గయ్య పళ్లెం దగ్గరికి లాక్కుని, ఆ వదిలేసిన మామిడి ముక్క నోట్లో పెట్టుకున్నాడు. తియ్యగా ఉంది. ఒక్క తిట్టూ పొల్లుపోకుండా అన్నీ విన్నాడు.